అర్ధరాత్రి కుక్కకు ప్రాణం మీదికొస్తే: హక్కులు, నియమాలు

తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఇంటి కుక్కలు పెరిగినంతగా రాత్రిపూట తలుపు తీసే పశువైద్యశాలలు పెరగలేదు. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో ఇరవై నాలుగు గంటలూ నడిచే ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని ఉన్నాయి. జిల్లా కేంద్రం దాటితే చాలాచోట్ల తెలిసిన డాక్టరు గారి సెల్ నంబరే దిక్కు. అందుకే చట్టం మనకేం ఇస్తుందో, మన నెత్తిన ఏం పెడుతుందో ముందే తెలుసుకుని ఉండాలి. ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను: రాత్రి వైద్యం విషయంలో డాక్టరు మీద ఉన్న బాధ్యత కంటే కుక్కను పెంచుకున్న మనిషి మీద ఉన్న బాధ్యతే చట్టంలో ఎక్కువ.

రాత్రి రెండు గంటలకు వెళ్లినా వైద్యం చేసి తీరాలని ఆసుపత్రిని నిలదీయవచ్చా?

మనుషుల విషయంలోనైతే నిలదీయవచ్చు. ప్రాణాపాయంలో వచ్చినవాళ్లకు ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చెయ్యాలని, లాంఛనాలు ఆ తర్వాతేనని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కూడా మనుషుల ఆసుపత్రుల కోసమే. జంతువుల విషయంలో అంత గట్టిగా పట్టుకోదగ్గ ఆధారం మన చేతిలో లేదు. వృత్తి ధర్మం ఉంది, మానవత్వం ఉంది, చాలామంది డాక్టర్లు ఆ రెంటికీ కట్టుబడి అర్ధరాత్రి లేచి వస్తారు కూడా. కానీ మూసి ఉన్న క్లినిక్కును తెరిపించే హక్కు మీకుందని చెబితే అది అబద్ధమే అవుతుంది.

మీ మీద ఉన్న బాధ్యత మాత్రం స్పష్టంగా రాసి ఉంది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోని 3వ సెక్షన్ ప్రకారం, జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్లు దాని క్షేమానికీ, దానికి అనవసరమైన నొప్పి, బాధ కలగకుండా చూడటానికీ తగిన చర్యలన్నీ తీసుకోవాలి. 2014లో జల్లికట్టు కేసులో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను జంతువుల హక్కుగానే చదివింది. నొప్పి, గాయం, రోగాల నుంచి విముక్తి ఆ హక్కుల్లో భాగమంది. 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు పడే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఇది ఈ కాలానికి సిగ్గుపడాల్సినంత చిన్న మొత్తం. అయినా జరిమానా చిన్నదైనంత మాత్రాన బాధ్యత చిన్నదైపోదు.

ఏది తెల్లారేదాకా ఆగుతుంది? ఏది ఆగదు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిసి ఉంటే సగం రాత్రులు గండం గడిచినట్టే.

మొదట పైపెదవి ఎత్తి చిగురు చూడండి. మామూలుగా అది లేత గులాబీ రంగులో, తడిగా ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగు తిరుగుతుంది. చిగురు సున్నంలా పాలిపోయినా, నీలి రంగుకు తిరిగినా, రంగు రావటం ఆలస్యమైనా బండి తీయండి. కొన్ని జాతుల్లో చిగురు పుట్టుకతోనే నల్లగా ఉంటుంది. అప్పుడు కింది కనురెప్ప లోపలివైపు చూడాలి. జ్వరం మనిషి లెక్కన చూడకండి, కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే.

పెద్ద ఛాతీ ఉన్న కుక్క, అంటే గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటిది, వాంతికి వచ్చినట్టు మళ్లీ మళ్లీ డోకుతూ ఏమీ కక్కలేకపోతుంటే, పొట్ట డోలులా బిగుసుకుంటుంటే, జీర్ణాశయం మెలిపడి ఉండవచ్చు. ఇక్కడ గంటలతోనే ప్రాణం ముడిపడి ఉంటుంది. వాము నీళ్లు పట్టి చూద్దామని కూర్చోకండి. మగకుక్క కాలెత్తి ముక్కుతున్నా చుక్క మూత్రం రాకపోవటం, ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్, ఒకటి ఆగి ఇంకొకటిగా వచ్చే ఫిట్స్, ఈనుతున్న కుక్క గట్టిగా నొప్పులు పడుతున్నా పిల్ల బయటికి రాకపోవటం, ఇవేవీ ఆగవు. ఆపరేషన్ కాని ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు నీళ్లు తెగ తాగుతూ, తిండి మానేసి, మందకొడిగా పడి ఉంటే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి. చీము బయటికి కారకపోతే మరింత ప్రమాదం. టీకాలు పూర్తికాని కూన రక్తవిరేచనాలు చేసుకుంటూ వాంతులు చేస్తుంటే అది పార్వో కావచ్చు, ఒంట్లో నీరు తెల్లారేలోపే ఇంకిపోతుంది.

మన ఊళ్లలో పిడుదుల జ్వరం ఎక్కువ. నాలుగు రోజులుగా నలతగా ఉన్న కుక్క చిగుళ్లు తెల్లబడి, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే రక్తకణాలు పగిలిపోతున్నాయని అర్థం. ఎండాకాలంలో పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు వడదెబ్బ రాత్రి ఎనిమిదింటికైనా తగలవచ్చు. మామూలు నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, తడి ఆరకుండానే బయల్దేరండి. ఐసు గడ్డలతో రుద్దవద్దు.

ఒక్కసారి వాంతి చేసుకుని మళ్లీ తోక ఊపుతూ తిరిగే కుక్క, రెండు మూడు సార్లు పల్చగా విరేచనం అయినా నీళ్లు తాగుతున్న పెద్ద కుక్క, చెవి గోక్కునే కుక్క, కుంటుతున్నా కాలు నేల మీద మోపుతున్న కుక్క, ఇవి పొద్దున దాకా ఆగగలవు. అనుమానముంటే ఫోన్ చేసి అడగండి.

విషం తిన్నదనిపిస్తే?

డబ్బా, రేపరు, మిగిలిన ముక్క, వాంతి నమూనా కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. ఏం తిన్నదో తెలియటమే సగం వైద్యం. ఉప్పు నీళ్లు పట్టి కక్కించకండి, ఉప్పే విషమవుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే ఎలుకల మందు తిన్న కుక్క రెండు మూడు రోజులు చలాకీగానే తిరుగుతుంది, ఆ తర్వాత రక్తస్రావం మొదలవుతుంది. తిన్న రాత్రే వెళితే విటమిన్ కె1తో నిలబెట్టే అవకాశం బాగా ఉంటుంది. జింక్ ఫాస్ఫైడ్ రకం వేరు. అది కడుపులోకి పోయాక విషవాయువు పుడుతుంది, వాంతిలోంచి వచ్చే గాలి మనకూ ప్రమాదమే, కాబట్టి కారు అద్దాలు దించి నడపండి. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్, చాక్లెట్, ఉల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా ఈ జాబితాలోవే.

పొరుగువాళ్లెవరో కావాలని విషం పెట్టారని అనుమానముంటే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ఉంది. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పోలీసు కేసు నిలవాలంటే ఆ రాత్రి డాక్టరు రాసిన కాగితం ముఖ్యం. అందులో అనుమానాన్ని రాయించండి.

పాము కరిచింది. మనుషుల ఆసుపత్రిలో ఉండే ఇంజెక్షనే కుక్కకూ ఇస్తారా?

ఇస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు పనిచేసే అదే యాంటీవెనమ్‌ను పశువైద్యులూ వాడతారు. అయితే అన్ని క్లినిక్కుల్లోనూ నిల్వ ఉండదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఉందా అని అడగండి. కట్టు కట్టడం, కోసి రక్తం పిండటం, పసరు పోయటం, మూడూ చెరుపే చేస్తాయి. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెళ్లండి.

1962కు ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుందా?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలకు ఇదే నంబరు. ఈ సేవ ప్రధానంగా పల్లెల్లోని పశువులు, మేకలు, గొర్రెల కోసం, పగటి పనివేళల కోసం ఏర్పడింది. సాయంత్రం కుక్క కోసం చేస్తే దగ్గర్లో ఎవరున్నారో చెప్పగలరేమో కానీ, అర్ధరాత్రి వాహనం గుమ్మం ముందు ఆగుతుందని దాని మీదే ఆధారపడవద్దు.

ప్రభుత్వ ఆసుపత్రుల సంగతేమిటి?

పగలైతే అవి గట్టి ఆధారం. హైదరాబాద్‌లో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఖర్చు తక్కువలో నిపుణులు దొరికే చోట్లు. రాత్రి వేళలు ఒక్కోచోట ఒక్కోరకం. ఇవాళే వెళ్లి గేటు మీది బోర్డు చదివి, డ్యూటీ నంబరు అడిగి రాసుకోండి.

ఊళ్లో కాంపౌండరు గారు వచ్చి సెలైన్ పెడతానంటున్నారు. పెట్టించవచ్చా?

భారతీయ పశువైద్య మండలి చట్టం, 1984లోని 30వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన పశువైద్యులు తప్ప ఇంకెవరూ పశువైద్యం చేయకూడదు. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్న సహాయకులు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో, డాక్టరు పర్యవేక్షణలో, టీకాలు, గాయానికి కట్టు కట్టడం లాంటి చిన్న సేవలు చేయవచ్చు. డాక్టరు గారు ఫోన్‌లో ఉండి, ఆయన చెబుతుంటే చేసే ప్రథమ చికిత్స వేరు. సొంతంగా రోగం తేల్చి మందు ఎక్కించటం వేరు. ఎవరు వైద్యం చేస్తున్నా వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు అడిగే అధికారం మీకుంది. మర్యాదగా అడగండి, చీటీ మీద రాయమనండి.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర అరముక్క వేయవచ్చా?

వద్దు. పారాసిటమాల్ కుక్క కాలేయాన్ని, ఐబుప్రోఫెన్ జీర్ణాశయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ కూడా అంతే. పైగా మీరు ముందే ఏదో వేస్తే, డాక్టరు ఇవ్వాలనుకున్న సరైన మందు ఇవ్వలేని పరిస్థితి వస్తుంది. ఇప్పటికే వేసేసి ఉంటే దాచకుండా చెప్పండి. మాత్ర పేరు, వేసిన గంట చెప్పటం వల్ల కుక్క బతికే అవకాశం పెరుగుతుంది.

ముందు డిపాజిట్ కట్టమంటున్నారు. ఇది సబబేనా?

ప్రైవేటు పశువైద్యానికి ప్రభుత్వం కట్టిన ధర లేదు. రాత్రి రుసుము పగటి కంటే ఎక్కువ ఉండటం, డిపాజిట్ అడగటం తప్పు కాదు. రాత్రంతా డాక్టరు, సహాయకుడు, ఆక్సిజన్, జనరేటర్ సిద్ధంగా ఉంచటానికి డబ్బవుతుంది. అయితే ఎంతవుతుందో ముందు చెప్పించుకునే హక్కు మీది. “ఈ రాత్రి గడవటానికి ఎంత? రేపటి నుంచి రోజుకెంత? ఏ పరీక్ష ఇప్పుడే తప్పనిసరి, ఏది పొద్దున చేయించుకోవచ్చు?” అని అడగండి. డబ్బు తక్కువగా ఉంటే ఆ మాట మొదటి నిమిషంలోనే చెప్పండి. ఉన్నంతలో ఏం చేయవచ్చో మంచి డాక్టరు దారి చూపిస్తారు: నొప్పి తగ్గించి, సెలైన్ పెట్టి, తెల్లారాక ప్రభుత్వ ఆసుపత్రికి పంపటం కూడా ఒక పద్ధతే. అడగటం నామోషీ అనుకుని ఊరుకున్నవాళ్లే తర్వాత బిల్లు చూసి నలిగిపోతారు.

బిల్లు ఇవ్వటం వాళ్ల బాధ్యత. ఇవ్వకపోవటం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు కట్టలేక కుక్కను అక్కడే వదిలి వెళ్లిపోవటం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి.

సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో ఏం చూడాలి?

కౌంటర్ మీద కుక్క రొప్పుతూ పడి ఉంటుంది, చేతికి పెన్ను ఇస్తారు, అక్షరాలు కళ్లకు ఆనవు. అయినా ఒక్క నిమిషం ఆగండి. ఆ కాగితంలో సాధారణంగా నాలుగు సంగతులుంటాయి: మత్తు ఇవ్వటానికి ఒప్పుకోలు, ఆపరేషన్‌కు ఒప్పుకోలు, ప్రాణానికి ప్రమాదం ఉందని తెలిసినట్టు ఒప్పుకోలు, ఖర్చు భరిస్తామన్న హామీ. చివరిదాని పక్కన అంకె లేకపోతే వేయించండి. “ఇంత దాటితే ఫోన్ చేసి అడగాలి” అని మీ చేత్తో రాసి సంతకం పెట్టవచ్చు. గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం చేయాలా వద్దా అన్నది కూడా అప్పుడే చెప్పటం మేలు. తర్వాత అడిగితే అంత వ్యవధి ఉండదు.

కొన్ని కాగితాల్లో “ఏం జరిగినా ఆసుపత్రికి బాధ్యత లేదు” అని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద సంతకం పెట్టినా, నిర్లక్ష్యం జరిగితే అడిగే హక్కు పోదు. వైద్యంలో సహజంగా ఉండే ప్రమాదాన్ని మీరు ఒప్పుకున్నారు గానీ, అజాగ్రత్తను ఒప్పుకోలేదు. సంతకం పెట్టిన ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

ఇంకో మాట. కుక్క మీ అన్నయ్యదో, ఊరెళ్లిన పొరుగింటివాళ్లదో అయితే ఆపరేషన్‌కు మీరు సంతకం పెట్టే ముందు వాళ్లకు ఫోన్ కలపండి. కుక్కను ఎవరి దగ్గరైనా వదిలి ఊరెళ్లేటప్పుడు, ఖర్చు ఎంత దాకా పెట్టవచ్చో, ఆపరేషన్‌కు మీకు సమ్మతమో కాదో రాసి ఒక వాట్సాప్ సందేశం పెట్టి వెళ్లండి.

అపార్ట్‌మెంట్‌లో కుక్కను లిఫ్టు ఎక్కించనివ్వరు. నలభై కిలోల లాబ్రడార్‌ను ఎలా దించను?

లిఫ్టులోనే దించండి. పెంపుడు జంతువులను నిషేధించటం, వాటికి లిఫ్టు నిరాకరించటం తగదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సర్క్యులర్ ప్రతి ఒకటి అసోసియేషన్ కార్యదర్శికి పగలే ఇచ్చి ఉంచండి, అర్ధరాత్రి వాచ్‌మన్‌తో వాదించే పని తప్పుతుంది. మందపాటి దుప్పటి మీద పడుకోబెట్టి, ఇద్దరు చెరో వైపు నాలుగు కొసలూ పట్టుకుంటే పెద్ద కుక్కనైనా నడుము కదలకుండా తీసుకెళ్లవచ్చు. నొప్పిలో ఉన్న కుక్క సొంత మనిషినే కరుస్తుంది. చున్నీతో మూతి కట్టండి, కానీ వాంతులవుతున్నా, ఊపిరి అందకపోతున్నా, పొట్టి ముక్కు జాతి అయినా కట్టవద్దు.

మున్సిపల్ లైసెన్సు లేదు. వైద్యం చేస్తారా?

చేస్తారు. వైద్యానికీ లైసెన్సుకూ ముడి లేదు. రేబిస్ టీకా కార్డు మాత్రం తప్పక పట్టుకెళ్లండి.

చొంగ కారుస్తూ నోరు మూయలేకపోతోంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమో, తీయనా?

ఆగండి. ఎముకే కావచ్చు. కానీ టీకా వేయని కుక్క, కింది దవడ వేలాడిపోయి, నీళ్లు మింగలేక, తీరు మారిపోయి ఉంటే అది రేబిస్ కూడా కావచ్చు. మూగ రకం రేబిస్ అచ్చం ఎముక ఇరుక్కున్నట్టే కనబడుతుంది. నోట్లో చెయ్యి పెట్టకండి. ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి ఈ లక్షణాలు చెప్పండి, అక్కడి సిబ్బంది ప్రాణాలూ ముఖ్యమే. మీకు గీరుకున్నా, కరిచినా, చొంగ పుండు మీద పడినా సబ్బుతో, ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి. రేబిస్ బయటపడ్డాక మనిషికీ కుక్కకూ వైద్యం లేదు.

రోడ్డు మీద దెబ్బ తగిలిన వీధికుక్కను తీసుకెళితే బిల్లు ఎవరు కట్టాలి?

తీసుకెళ్లినవాళ్లనే అడుగుతారు. ముందే “ఇది వీధికుక్క, నేను ఇంతవరకే భరించగలను” అని చెప్పండి. మున్సిపాలిటీకి, దగ్గర్లోని జంతు సంక్షేమ సంస్థకు సమాచారం ఇవ్వండి. హైదరాబాద్‌లో 1992 నుంచి బ్లూ క్రాస్ ఉంది, విశాఖలో వీఎస్‌పీసీఏ ఉంది. వాళ్ల వ్యాన్లు, మంచాలు ఎప్పుడూ నిండే ఉంటాయి కాబట్టి రాలేమంటే కోపగించుకోకండి. వైద్యం అయ్యాక వీధికుక్కను సాధారణంగా దాని చోటే వదలాలి, ఇంకో పేటలో కాదు.

ఇక బతకదన్నారు. కారుణ్య మరణం ఎవరు నిర్ణయిస్తారు?

నిర్ణయం మీది, చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులు మాత్రమే. మీ రాతపూర్వక సమ్మతి లేకుండా చేయరు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు చేయమని మీరడిగితే డాక్టరు నిరాకరించవచ్చు, నిరాకరించాలి కూడా. ముందు గాఢమైన మత్తు ఇచ్చి, తర్వాతి మందు ఇవ్వమని అడగండి. దగ్గర ఉండాలనుకుంటే ఉంటామని చెప్పండి. రెండో డాక్టరు అభిప్రాయం కావాలంటే నొప్పి తగ్గించే మందు ఇప్పించుకుని తెల్లారేదాకా ఆగే వీలుందా అని అడగటం తప్పు కాదు. ఆగటం వల్ల అది యాతన పడుతుందని డాక్టరు చెబితే ఆ మాట వినండి.

వైద్యంలో నిర్లక్ష్యం వల్లే చనిపోయిందని అనిపిస్తోంది. ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా ఒక వ్యత్యాసం. ఎంత చేసినా దక్కకపోవటం నిర్లక్ష్యం కాదు. అర్ధరాత్రి వచ్చే కేసులు సగం చేయి దాటిన తర్వాత వచ్చేవే. చూడాల్సినది చూడకపోవటం, ఇవ్వకూడని మందు ఇవ్వటం, సమ్మతి లేకుండా ఆపరేషన్ చేయటం, గమనించుకునే మనిషి లేకుండా వదిలేయటం లాంటివే నిర్లక్ష్యం కిందికి వస్తాయి.

నిజంగా అనుమానం ఉంటే పోస్ట్‌మార్టమ్ చేయించండి. ఇది ఆ రోజే తేల్చుకోవాల్సిన సంగతి, పూడ్చాక ఆధారం మిగలదు. వైద్యం చేసిన చోట కాక పశువైద్య కళాశాలలో గానీ ప్రభుత్వ డాక్టరు చేత గానీ చేయించాలి. అప్పటిదాకా శరీరాన్ని చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. కేస్ షీటు, ల్యాబ్ రిపోర్టులు, ఎక్స్‌రేలు, ఇచ్చిన మందుల వివరాలు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

వృత్తిపరమైన తప్పు మీద మీ రాష్ట్ర పశువైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు నష్టపరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. రుసుము తీసుకుని చేసే పశువైద్యం సేవ కిందికే వస్తుంది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసేచోట ఈ దారి కష్టం. మనుషుల వైద్యం మీద 1995లో ఇచ్చిన వి.పి. శాంతా తీర్పులో సుప్రీంకోర్టు గీసిన గీత అదే. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ఎలా రాయాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. గడువు ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు.